కిల్ -9 కొట్టాక డీఎంఏ ఎవరు ఆపాలి, పేజీలు ఎప్పుడు వదలాలి

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనట్టు చెప్తా, తేడా ఉంటే దిద్దండి. పీసీఐఈ స్లాట్ లో ఒక ఎఫ్‌పీజీఏ కార్డు, దానికి మీరే రాసిన లినక్స్ క్యారెక్టర్ డ్రైవర్. యాప్ తన బఫర్ అడ్రస్ ని ఐఓసీటీఎల్ (డ్రైవర్ కి ఆదేశమిచ్చే కాల్) లో ఇస్తది, డ్రైవర్ గెట్_యూజర్_పేజెస్ తో ఆ పేజీలు పట్టుకుని కార్డుకి చెప్తది, కార్డు డేటాని సీపీయూ చేయి పడకుండా నేరుగా వాటిలోకి రాస్తది, అదే డీఎంఏ. డోర్‌బెల్ రిజిస్టర్ల కోసం కార్డు బార్ ని (దాని రిజిస్టర్లు కనపడే అడ్రస్ కిటికీ) కూడా యాప్ తన అడ్రస్ స్పేస్ లోకి ఎంమ్యాప్ చేసుకుంటది. కంట్రోల్-సీ కొడితే బాగానే ఉంటది, కిల్ -9 కొడితే మాత్రం కాసేపటికి సంబంధం లేని వేరే ప్రోగ్రాం ఏదో పడిపోతది. దానికి మందుగా డ్రైవర్ ఓపెన్ లో ఎంఎంగెట్ (ప్రాసెస్ అడ్రస్ స్పేస్ పోకుండా పట్టుకునేది), ఫైల్ పూర్తిగా మూసాక పిలిచే రిలీజ్ లో ఎంఎంపుట్ (దాన్ని వదిలేది) పెట్టారు, క్రాష్ లు పోయాయి, కానీ ఇప్పుడు మెమరీ తిరిగి రావట్లేదు, డ్రైవర్ ని దించడానికి ఆర్ఎంమాడ్ కొడితే మాడ్యూల్ ఇంకా వాడుకలో ఉంది అంటోంది.

క్రాష్ పోలేదండి. మీ రిలీజ్ ఫంక్షన్ ఇప్పుడు అసలు నడవట్లేదు, అందుకే క్రాష్ అయ్యే అవకాశమే రావట్లేదు. అంటే బగ్గులు రెండు, ఒకదాని మీద ఇంకోటి దుప్పటి కప్పింది. మొదటిది మీ రిలీజ్ లో లైన్ల వరస, రెండోది ఆ ఎంఎంగెట్. రెండూ తెలియాలంటే ప్రాసెస్ చచ్చేటప్పుడు కెర్నెల్ ఏ వరసలో సామాను సర్దుతుందో చూడాలి.

డూ_ఎగ్జిట్ తెరిచి చదవండి, పెద్దగా ఏం లేదు. అందులో ఎగ్జిట్_ఎంఎం ముందు వస్తది, ఎగ్జిట్_ఫైల్స్ తర్వాత వస్తది. అంటే ముందు అడ్రస్ స్పేస్ పోతది, ఆ తర్వాతే ఫైళ్ళు మూస్తారు. ఫైల్ మీద చివరి రిఫరెన్స్ పోయినా రిలీజ్ వెంటనే అక్కడికక్కడే నడవదు, ఎఫ్‌పుట్ దాన్ని టాస్క్ వర్క్ లోకి తోస్తది, అది ఇంకాస్త కిందికి వెళ్ళాక నడుస్తది. కాబట్టి మీ రిలీజ్ లోకి అడుగుపెట్టేసరికి ఆ ప్రాసెస్ పేజ్ టేబుళ్ళు పోయి చాలాసేపైంది, బఫర్ పేజీల్ని పట్టుకుని ఉన్నది ఇక మీ డ్రైవర్ రిఫరెన్స్ ఒక్కటే.

ఇప్పుడు మీరు పెట్టిన రిలీజ్ కోడ్ చూడండి. ముందు లూప్ లో పుట్_పేజ్, ఆ తర్వాత కార్డు కంట్రోల్ రిజిస్టర్ లో స్టాప్ బిట్. ప్రాసెస్ బతికుండగా క్లోజ్ చేస్తే ఈ వరస తప్పైనా బయటపడదు, ఎందుకంటే పుట్_పేజ్ చేసినా యాప్ మ్యాపింగ్ రిఫరెన్స్ ఇంకా ఉంది, పేజీ ఎక్కడికీ పోదు. కంట్రోల్-సీ కొట్టినప్పుడు మీ యాప్ సిగ్నల్ హ్యాండ్లరే స్టాప్ ఐఓసీటీఎల్ చేస్తోంది కాబట్టి అప్పుడూ తెలియదు. కిల్ -9 లో హ్యాండ్లర్ నడవదు, ఎగ్జిట్_ఎంఎం ముందే అయిపోయింది, కాబట్టి మీ పుట్_పేజ్ ఆ పేజీకి చివరి రిఫరెన్స్. అది ఫ్రీ లిస్ట్ లోకి పోతది, అక్కడినుంచి ఇంకో ప్రాసెస్ కో కెర్నెల్ సొంత స్లాబ్ కో పోతది, కార్డు మాత్రం ఇంకా రాస్తూనే ఉంటది. అద్దెకున్నవాళ్ళు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయి పాలబ్బాయికి చెప్పకపోతే వాడు పొద్దున్నే వచ్చి అదే గుమ్మంలో ప్యాకెట్లు వేస్తూనే ఉంటాడు కదా, లోపల ఎవరున్నారో వాడికేం తెలుసు, అలాగన్నమాట. కార్డుకి తెలిసింది ఫిజికల్ అడ్రసో బస్ అడ్రసో ఒక నంబరే, ప్రాసెస్ అనే మాటే దానికి తెలియదు.

ఇది నేను చేయని తప్పేం కాదు. చాలా ఏళ్ళ కిందట ఒక క్యాప్చర్ కార్డు డ్రైవర్ లో అచ్చం ఇదే చేసి దాదాపు మూడు వారాలు ర్యామ్ మీద పడి ఏడ్చాం, స్టిక్కులు కూడా మార్చాం. ఆఖరికి సంబంధం లేని ఒక సర్వీస్ కోర్ డంప్ లో 0001, 0002, 0003 అని వరసగా పెరిగే అంకెలు కనపడ్డాయి, చూస్తే మా కార్డు టెస్ట్ మోడ్ లో పంపే ర్యాంప్ అది. అప్పటినుంచి కొత్త హార్డ్‌వేర్ ఏది వచ్చినా మొదట్లో గుర్తుపట్టగలిగే టెస్ట్ ప్యాటర్న్ తోనే నడుపుతా, మీరూ అలాగే చేయండి.

ఇక ఎంఎంగెట్ సంగతి. ఎంఎం_స్ట్రక్ట్ మీద రెండు లెక్కలుంటాయి, ఎంఎం_యూజర్స్, ఎంఎం_కౌంట్. మొదటిది అడ్రస్ స్పేస్ ని బతికించేది, ఎంఎంగెట్ పెంచుతది, ఎంఎంపుట్ తగ్గిస్తది, సున్నా అయితే ఎగ్జిట్_ఎంమ్యాప్ నడిచి వీఎంఏలు (అడ్రస్ స్పేస్ లో మ్యాప్ అయిన ముక్కలు) అన్నీ తీసేస్తది. రెండోది ఆ స్ట్రక్చర్ అనే డబ్బాని మాత్రం ఉంచేది, దానికి ఎంఎంగ్రాబ్, ఎంఎండ్రాప్. పేర్లు ఎంత దగ్గరగా పెట్టారో చూడండి, పెట్టినోళ్ళకి దండం.

మీరు ఓపెన్ లో ఎంఎంగెట్ చేశారు. ప్రాసెస్ చచ్చింది, ఎగ్జిట్_ఎంఎం తన వాటా ఎంఎంపుట్ చేసింది, కానీ మీ వాటా ఉంది కాబట్టి సున్నా అవ్వలేదు, ఎగ్జిట్_ఎంమ్యాప్ నడవలేదు. నడవలేదు కాబట్టి బార్ ని ఎంమ్యాప్ చేసిన వీఎంఏ అలాగే ఉంది. ప్రతి వీఎంఏ తన ఫైల్ ని పట్టుకుని ఉంటది, కాబట్టి ఎగ్జిట్_ఫైల్స్ లో ఎఫ్‌డీ మూసినా మీ ఫైల్ మీద ఒక రిఫరెన్స్ మిగిలింది. మిగిలింది కాబట్టి రిలీజ్ రాదు. రిలీజ్ రాదు కాబట్టి మీ ఎంఎంపుట్ రాదు. పాము తన తోక తానే మింగినట్టు. పీఎస్ లో ప్రాసెస్ ఉండదు, ఎల్‌ఎస్‌ఓఎఫ్ లో ఫైల్ ఉండదు, యాప్ వాడిన మెమరీ మొత్తం మాత్రం రీబూట్ దాకా గల్లంతు, మాడ్యూల్ కౌంట్ 1 దగ్గరే నిలబడిపోతది. పైగా కార్డు ఇంకా ఆ పేజీల్లోకి రాస్తూనే ఉంది, వాటిని ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియట్లేదు, అంతే. బార్ ని ఎంమ్యాప్ చేయని యాప్ తో ట్రై చేయండి, లీక్ అవ్వదు, చూసి నమ్మండి.

మరి రిలీజ్ లో ఎంఎం కావాలంటే? పిన్ చేసిన పేజీల లెక్క తగ్గించడానికి కావాలి నిజమే, యాప్ మెమ్‌లాక్ లిమిట్ కింద మీరు పిన్‌డ్_వీఎం పెంచి ఉంటే దాన్ని తగ్గించాలి కదా. దానికి డబ్బా ఉంటే చాలు, ఎంఎంగ్రాబ్ చేయండి. ఎప్పుడైనా నిజంగా ఆ అడ్రస్ స్పేస్ ముట్టుకోవాల్సి వస్తే ఎంఎంగెట్_నాట్_జీరో అడగండి, ఇస్తే పని చేసుకుని వెంటనే ఎంఎంపుట్, ఇవ్వకపోతే ప్రాసెస్ పోయినట్టే. కెర్నెల్ లో దీనికి మంచి నమూనా ప్రాక్ ఫైల్‌సిస్టమ్ లో బేస్ డాట్ సీ, ప్రాక్ లో ఒక పిడ్ కింద మెమ్ ఫైల్ ఓపెన్ చేసినప్పుడు సరిగ్గా ఇదే చేస్తది, ఎంఎంగ్రాబ్ చేసి ఎంఎంపుట్ చేసేస్తది, చదివిన ప్రతిసారీ నాట్_జీరో అడుగుతది. పది లైన్ల కోడ్, చదవండి.

రిలీజ్ లో కరెంట్ డాట్ ఎంఎం మాత్రం ముట్టుకోవద్దు, నేను ఎక్కువ రివ్యూల్లో ఎర్రగీత గీసేది ఇక్కడే. ఎగ్జిట్ దారిలో వస్తే అది నల్. ఎఫ్‌డీ ని యూనిక్స్ సాకెట్ మీద వేరే ప్రాసెస్ కి పంపి ఉంటేనో, ఫోర్క్ అయిన పిల్ల ప్రాసెస్ చివరగా మూస్తేనో అది ఇంకెవరిదో ఎంఎం. ఓపెన్ చేసినవాడే మూస్తాడు అని ఎక్కడా రాసి లేదు. మీ యాప్ సిస్టమ్ కాల్ తో ఏదో స్క్రిప్ట్ ని బ్యాక్‌గ్రౌండ్ లో వదిలితే ఆ షెల్ దగ్గర కూడా మీ ఎఫ్‌డీ ఉంటది, అసలు యాప్ ని చంపినా రిలీజ్ రాదు, ఆ స్క్రిప్ట్ చచ్చేదాకా కార్డు నడుస్తూనే ఉంటది. యాప్ లో ఓపెన్ చేసేటప్పుడు ఓ_క్లోఎక్సెక్ పెట్టండి.

ఇప్పుడు రిలీజ్ ఎలా ఉండాలి అంటే, ముందు కొత్త పని తీసుకోవడం ఆపండి, తర్వాత కార్డు డీఎంఏ ఇంజన్ కి స్టాప్ రాయండి, రాసి ఊరుకోవద్దు. పీసీఐఈ లో రైట్ అనేది పోస్టెడ్, మీ రైట్ఎల్ రిటర్న్ అయ్యేసరికి అది కార్డుని చేరిందో లేదో తెలియదు, అదే కార్డు రిజిస్టర్ ఒకటి రీడ్ చేస్తే మీ రైట్ ముందు అక్కడికి చేరుతది. ఇంజన్ బిజీ బిట్ సున్నా అయిందా చూడండి. ఆ రీడ్ కి జవాబు వచ్చేలోపు కార్డు అంతకుముందు పంపిన డీఎంఏ రైట్లు కూడా మెమరీ వైపు ముందే వచ్చేస్తాయి, ఆర్డరింగ్ రూల్స్ అలా ఉన్నాయి, అంటే బిజీ పోయాక చేసే రీడ్ కి డబుల్ లాభం. ఒక జాగ్రత్త, కార్డు లింక్ పడిపోయి ఉంటే ప్రతి రీడ్ 0ఎక్స్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ ఇస్తది, బిజీ బిట్ ఎప్పటికీ 1 లాగే కనపడతది, మీ లూప్ అక్కడే తిరుగుతది, ఆ విలువ విడిగా చెక్ చేయండి. ఇంజన్ నిజంగా ఆగాక డీఎంఏ అన్‌మ్యాప్, దాని తర్వాత పేజీలు వదలడం, ఆఖర్న మీ స్ట్రక్చర్లు కేఫ్రీ. ఈ వరసలో ఏ రెండు తిప్పినా మళ్ళీ పాలబ్బాయి కథే.

వెయిట్_ఈవెంట్_ఇంటరప్టబుల్ వాడారు మీరు, అది తీసేయండి. రిలీజ్ లో ఉండగా ఏదైనా సిగ్నల్ పెండింగ్ లో ఉంటే అది మధ్యలోనే వెనక్కి వచ్చేస్తది, మీరు రిటర్న్ విలువ చూడట్లేదు, కార్డు ఆగిందనుకుని కిందికి పోతారు. అలాగని టైమవుట్ లేని వెయిట్ పెడితే కార్డు మొరాయించినరోజు ప్రాసెస్ డీ స్టేట్ లో రాయిలా పడుంటది, దాన్ని ఏ కిల్లూ కదపలేదు. టైమవుట్ ఉన్న, సిగ్నల్ కి లొంగని వెయిట్ పెట్టండి. టైమవుట్ అయితే పీసీఐ_రీసెట్_ఫంక్షన్, కార్డుకి ఫంక్షన్ లెవెల్ రీసెట్ ఉంటే స్పెక్ ప్రకారం 100 మిల్లీసెకన్లలో అవ్వాలి. అదీ లేకపోతే పీసీఐ_క్లియర్_మాస్టర్ తో బస్ మాస్టర్ బిట్ తీసేయండి, ఆ తర్వాత అది మెమరీకి రిక్వెస్ట్ పంపలేదు. అదీ కుదరకపోతే, కార్డు ఆగిందని మీకు గ్యారంటీ లేకపోతే, ఆ పేజీల్ని వదలొద్దు. కావాలనే లీక్ చేయండి, డీమెసేజ్ (కెర్నెల్ లాగ్) లో ఒక లైన్ రాసి కార్డు పాడైందని గుర్తు పెట్టుకుని తర్వాతి ఓపెన్ కి ఎర్రర్ ఇవ్వండి. కొంతమంది రివ్యూయర్లు దీనికి ఒప్పుకోరు, లీక్ అంటే వాళ్ళకి పాపం. నాకైతే పదహారు ఎంబీ పోవడం వేరేవాళ్ళ డేటాబేస్ పేజీ పాడవడం కంటే వెయ్యి రెట్లు నయం.

మీరు ఇంకా గెట్_యూజర్_పేజెస్ వాడుతున్నారు, కెర్నెల్ 5.6 నుంచి పిన్_యూజర్_పేజెస్ ఉంది, డీఎంఏ కోసం పట్టుకునేవాళ్ళు అదే వాడాలి, ఇలా నెలల తరబడి పట్టుకునేదానికి ఫోల్_లాంగ్‌టర్మ్ కూడా ఇవ్వాలి, అప్పుడు మూవబుల్ జోన్ లోనో సీఎంఏ లోనో (కెర్నెల్ పేజీల్ని జరపగలగాల్సిన చోట్లు) ఉన్న పేజీల్ని ముందే బయటికి జరిపి పిన్ చేస్తది. వదిలేటప్పుడు కార్డు రాసి ఉంటే డర్టీ అని చెప్పే వెర్షన్ తో అన్‌పిన్ చేయండి. ఇంతకు మించి దీని మీద చెప్పేదేం లేదు.

ఐఓఎంఎంయూ (డివైస్ పంపే అడ్రస్ లని తనిఖీ చేసి అనువదించే హార్డ్‌వేర్) ఆన్ లో ఉంది కదా, అదే కాపాడదా అని అడిగారు. కాపాడుతది, కానీ మీరనుకున్నంత కాదు. ఎక్స్86 లో మామూలుగా డీఎంఏ అన్‌మ్యాప్ లేజీ పద్ధతిలో నడుస్తది, అంటే అన్‌మ్యాప్ చేసిన వెంటనే ఐఓటీఎల్‌బీ ని (ఐఓఎంఎంయూ ఆ అనువాదాలు దాచుకునే క్యాష్) ఫ్లష్ చేయరు, క్యూలో పెడతారు, ఆ క్యూ టైమర్ 10 మిల్లీసెకన్లు. ఆ కాసేపు పాత ఎంట్రీ ఐఓటీఎల్‌బీ లో ఉంటే కార్డు ఆ పేజీకి ఇంకా వెళ్ళగలదు. 10 మిల్లీసెకన్లంటే మీ కార్డు నిమిషానికి ఎన్ని గిగాబైట్లు తోస్తుందో మీరే లెక్కేసుకోండి. డీబగ్గింగ్ చేసేటప్పుడు బూట్ లైన్ లో ఐఓఎంఎంయూ.స్ట్రిక్ట్=1 పెట్టండి, అప్పుడు తప్పు రైట్ ఎవరినీ పాడుచేయకుండా ఫాల్ట్ గా లాగ్ లో పడతది, అడ్రస్ తో సహా.

కొంతమంది "ఎంఎంయూ నోటిఫైయర్ పెట్టుకో, ప్రాసెస్ చావగానే రిలీజ్ కాల్‌బ్యాక్ వస్తది, అందులో డీఎంఏ ఆపు" అని సలహా ఇచ్చారు. ఆ నోటిఫైయర్లు కేవీఎం (లినక్స్ లో వర్చువల్ మెషీన్లు నడిపేది) కోసం 2.6.27 లో, అంటే 2008 లో వచ్చినవి, ఎగ్జిట్_ఎంమ్యాప్ మొదట్లోనే, పేజీలు వదలకముందే పిలుస్తారు, కాబట్టి వినడానికి మనకోసమే చేసినట్టు ఉంటది. మీరు పేజీలు పిన్ చేసేవాళ్ళు, మీకు అవసరం లేదు. పిన్ లేకుండా డివైస్ నేరుగా ప్రాసెస్ పేజ్ టేబుళ్ళనే నడిచే ఎస్‌వీఏ కార్డులకి అది తప్పదు, కానీ వాళ్ళు కూడా డీఎంఏ ఆపే పని అక్కడ పెట్టట్లేదు, ఎందుకో చెప్తే మీ ప్రశ్నకి అసలు జవాబు ఇంకా బాగా అర్థమవుద్ది.

మొదట ఐఓఎంఎంయూ కోడ్ లో ఎంఎం_ఎగ్జిట్ అని ఒక కాల్‌బ్యాక్ ఉండేది, ప్రాసెస్ పోతుంటే డ్రైవర్ ని పిలిచి డీఎంఏ ఆపమనేది. 2020 లో దాన్ని తీసేశారు. చివరి ఎంఎంపుట్ ఎవరి చేతిలోంచైనా రావచ్చు, కెర్నెల్ లో వందకి పైగా చోట్ల ఆ కాల్ ఉంది, పక్కన ఎవరో పీఎస్ కొడితే దాని చేతిలోనే రావచ్చు, అలాంటి చోట కూర్చుని కార్డు ఆగేదాకా ఎదురుచూడటం అంటే సంబంధం లేనివాణ్ణి క్యూలో నిలబెట్టడమే. కొన్ని డివైస్ లు ఆగడానికి నిమిషాలు కూడా పట్టొచ్చు. ఆ చంపింది ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్ లని చంపే కెర్నెల్ భాగం) అయితే ఇంకా దారుణం, మెమరీ రాలేదని ఇంకో అమాయకపు ప్రాసెస్ ని వెతుక్కుంటది. అందుకని ఇప్పుడు పనిని విడగొట్టారు, నోటిఫైయర్ లో ఐఓఎంఎంయూ డ్రైవర్ ఆ పాసిడ్ కి (డివైస్ కి ఇచ్చే అడ్రస్ స్పేస్ నంబర్) పేజ్ టేబుల్ తీసేసి టీఎల్‌బీ ఫ్లష్ చేస్తది, కార్డు ఇంకా డీఎంఏ చేస్తూనే ఉంటది, దాని రిక్వెస్టులు చప్పుడు లేకుండా తిప్పికొడతారు, ఆ తర్వాత తీరిగ్గా ఫైల్ రిలీజ్ లో డివైస్ డ్రైవర్ డీఎంఏ ఆపి అన్‌బైండ్ చేస్తది. ఆర్మ్ ఎస్‌ఎంఎంయూ వీ3 (ఆర్మ్ చిప్పుల ఐఓఎంఎంయూ) కోడ్ లో క్వయట్_సీడీ అని ఒకటి కనపడతది చూడండి, ఈ మధ్యలో గ్యాప్ కోసమే అది.

ఈ గ్యాప్ లో పెద్దవాళ్ళు కూడా బోర్లా పడ్డారు. పాసిడ్ 20 బిట్ల నంబర్. దాన్ని ఎంఎంపుట్ దారిలో వదిలేసేవాళ్ళు, వినడానికి సబబుగానే ఉంది, అడ్రస్ స్పేస్ పోయాక నంబర్ ఎందుకు. కానీ కార్డు రిజిస్టర్ లో ఆ నంబర్ ఫైల్ రిలీజ్ దాకా ఉంటది, ఈలోపు అదే నంబర్ ఇంకో ప్రాసెస్ కి ఇస్తే ఏమవుద్దో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2022 లో 5.18 టైములో ఆ వదిలే పనిని ఎంఎంపుట్ నుంచి ఎంఎండ్రాప్ దారికి మార్చారు. మీది, వాళ్ళది ఒకే జాతి బగ్, మీరు ఎంఎం_యూజర్స్ ని పట్టుకోకూడని చోట పట్టుకున్నారు, వాళ్ళు ఎంఎం_కౌంట్ సున్నా అయ్యేదాకా ఆగాల్సిన చోట ఎంఎం_యూజర్స్ దగ్గరే వదిలేశారు.

యూఐఓ (యూజర్ స్పేస్ నుంచే డివైస్ ని నడిపే పద్ధతి) కి మారిపోతే ఈ గొడవ ఉండదా అని చివర్లో అడిగారు, ఉండదు కాదు, ఎక్కువవుద్ది. యూఐఓ కి మీ డీఎంఏ బఫర్ల గురించి ఏం తెలియదు. యూఐఓ_పీసీఐ_జెనెరిక్ రిలీజ్ లో బస్ మాస్టర్ బిట్ తీసే లైన్ ఒకటి తర్వాత చేర్చారు, డీఎంఏ చేసే డివైస్ కి ఈ డ్రైవర్ సేఫ్ కాదు అయినా జనం వాడుతున్నారు అని పక్కన కామెంట్ కూడా రాసుకున్నారు పాపం. యూజర్ స్పేస్ లోకి పోవాలంటే వీఎఫ్ఐఓ (ఐఓఎంఎంయూ ని అడ్డుపెట్టుకుని అదే పని చేసేది) కి పొండి, అది పిన్ చేసిన లెక్క తనే ఉంచుకుంటది, ఫైళ్ళు మూయగానే ఐఓఎంఎంయూ మ్యాపింగులు తీసి పేజీలు వదుల్తది, సరైన వరసలో.

ఇంకోటి మీ ఎంమ్యాప్ కోడ్ లో. బార్ మ్యాపింగ్ బాగానే ఉంది, కానీ కెర్నెల్ లో అలొకేట్ చేసిన డిస్క్రిప్టర్ రింగ్ (కార్డు చేయాల్సిన పనుల జాబితా) ని కూడా రీమ్యాప్_పీఎఫ్ఎన్_రేంజ్ తో యాప్ కి ఇస్తున్నారు, ఫ్రీ_రింగ్ అని ఐఓసీటీఎల్ కూడా ఇచ్చారు. ఆ రకం మ్యాపింగ్ పేజీ రిఫరెన్స్ తీసుకోదు. యాప్ ఎంమ్యాప్ చేసి, ఫ్రీ_రింగ్ పిలిచి, ఆ తర్వాత కూడా అదే అడ్రస్ కి రాస్తే అది ఫ్రీ అయిన కెర్నెల్ మెమరీలోకి రాసినట్టే, ఇది సెక్యూరిటీ హోల్, కిల్ -9 తో పని కూడా లేదు. ఆ ఐఓసీటీఎల్ పీకేసి రింగ్ ని రిలీజ్ లోనే వదలండి, వీఎంఏ ఫైల్ ని పట్టుకుంటది కాబట్టి మ్యాపింగ్ పోయేదాకా రిలీజ్ రాదు, ఆ సౌకర్యం ఊరికే వస్తోంది, వాడుకోండి. ఐఓసీటీఎల్ ఉండి తీరాలంటే వీఎం ఓపెన్, క్లోజ్ రెండిట్లో లెక్క పెట్టుకోవాలి, ఓపెన్ మర్చిపోతే ఫోర్క్ అయినప్పుడు క్లోజ్ రెండుసార్లు వచ్చి లెక్క తిరగబడతది. వీఎం_డోంట్‌కాపీ పెడితే ఫోర్క్ గొడవ అసలు ఉండదు.

మార్చాక ఇలా టెస్ట్ చేయండి. డీఎంఏ ఏపీఐ డీబగ్ కాన్ఫిగ్ ఆన్ చేసిన కెర్నెల్, బూట్ లైన్ లో పైన చెప్పిన స్ట్రిక్ట్ తో పాటు పేజ్_పాయిజన్=1, కార్డు ర్యాంప్ మోడ్ లో ఫుల్ స్పీడ్. యాప్ ని స్టార్ట్ చేసి ఏదో ఒక ర్యాండమ్ మిల్లీసెకన్ల తర్వాత కిల్ -9 కొట్టే షెల్ లూప్ ఒకటి, పక్కన మెమరీని అలొకేట్ చేస్తూ వదుల్తూ ఉండే ప్రోగ్రాం ఇంకోటి, రాత్రంతా వదిలేయండి. ఒకసారి బార్ ఎంమ్యాప్ తో, ఒకసారి లేకుండా, ఒకసారి ఫోర్క్ అయిన పిల్ల ఎఫ్‌డీ పట్టుకుని ఉండగా. పొద్దున ఆర్ఎంమాడ్ మాట్లాడకుండా దిగిపోవాలి, ఫ్రీ మెమరీ రాత్రి ఉన్నచోటే ఉండాలి. ఫాల్ట్ ఏదైనా పడితే ఆ లైను, మీ కొత్త రిలీజ్ ఫంక్షన్ రెండూ పెట్టండి, అడ్రస్ చూస్తే ఏ బఫరో తేలిపోద్ది.